టాకీసు కప్పిన భైమి వదిన

అందరి వదినలూ గడప తొక్కి ఇంట్లోకి వస్తారు. మా భైమి వదిన టాకీసు కప్పులోంచి ఊడిపడింది. అలా పడ్డప్పుడు నేను అక్కడే ఉన్నాను. కాళ్ళు ముందొచ్చాయి, తర్వాత మనిషి వచ్చింది, ఆ వెనక నెత్తి మీద రెండు అల్లిన కొబ్బరాకులు వచ్చి వాలాయి.

మాది చేర్తలకు దక్షిణాన, సముద్రానికీ, కాయల్ అనే ఉప్పునీటి సరస్సుకీ మధ్య ఇసుక పట్టీ. కాలు పెడితే చీలమండ దాకా దిగబడే ఇసుక. కొబ్బరి చెట్టు తప్ప ఇంకేదీ మనస్ఫూర్తిగా పెరగదు. అందుకని మాకు అన్నీ కొబ్బరితోనే. ఇంటి కప్పు కొబ్బరాకు, గోడ కొబ్బరాకు, దడి కొబ్బరాకు. ఊళ్ళో షావుకారు పైలి ముదలాళి సినిమా హాలు కట్టించినా అదీ కొబ్బరాకే. కొబ్బరి దుంగలు పాతి, వెదురు వాసాలు వేసి, చుట్టూ పైనా అల్లిన ఆకు కప్పించాడు. లోపల ముందువైపు ఇసుక నేల, దాని వెనక బెంచీలు, అన్నింటికీ వెనక కుర్చీలు. మిషను గదికి మాత్రం ఇటుక గోడ. ఆ గదిలో బొమ్మ వేసేది మా అన్న పుష్కరన్. ఆడవాళ్ళ గేటు దగ్గర టిక్కెట్లు చింపేది నేను.

ఆకు కప్పు ఏడాదికొకసారి మార్చాల్సిందే. జూన్ వానలు దిగేలోపు పాతది పీకి కొత్తది నేయాలి. రాలిన మట్టలు పోగు చేసి, నడిమి ఈనె వెంట రెండుగా చీల్చి, కాలవలో నానేసి, మెత్తబడ్డాక అల్లి, ఎండబెట్టాలి. ఆ పనంతా ఆడవాళ్ళది. నిచ్చెనెక్కి కప్పు నేసేది మగవాళ్ళు. వాళ్ళకి పెద్ద కేళన్ ఆశాన్. నడుముకి కొబ్బరి తాడు చుట్ట, చెవి వెనక బీడీ, నోట్లో ఎప్పుడూ ఒక తిట్టు.

భైమి కాలవ అవతలి ఒడ్డు పిల్ల. వాళ్ళమ్మా తనూ ఆకు అల్లడంలో చెయ్యి తిరిగిన వాళ్ళు. భైమి అల్లిన ఆకు ఎంత బిగువుగా ఉండేదంటే ఎండలో పెట్టినా వదులయ్యేది కాదు. కానీ ఆ పిల్లకి ఒక పిచ్చి ఉండేది. సినిమా. ఆకు అల్లడానికి ఇంకెక్కడ పిలిచినా "చూద్దాంలే" అనేది, టాకీసు పని అంటే మాత్రం పిలవకముందే వచ్చి కూర్చునేది. గోడ పక్కన నీడలో చేతులు అల్లుతూ ఉంటే చెవులు లోపల ఉండేవి. బొమ్మ చూడకుండానే మాటలన్నీ నోటికి వచ్చేశాయి. నాకు గేటు దగ్గర అప్పజెప్పేది. నేను "అది ఆవిడ తిట్టడం కాదే, ఏడవడం" అని సరిదిద్దేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఆటలో, ఏ కాకి పీకిందో ఏమో, కప్పులో ఒకచోట చిల్లు పడింది. ఎండ తిన్నగా తెర మీదకి దిగింది. అదీ ఎక్కడ? అమ్మాయి ముఖం మీద. ఆమె ఏడుస్తోంది, కానీ ఏడ్చే ముఖం ఉండాల్సిన చోట తెల్లటి వెలుగు ముద్ద. జనం ఈలలు, కేకలు.

"కప్పు మూయండ్రా! పైలీ, డబ్బులు తీసుకుని ఎండ చూపిస్తావా!"

పైలి ముదలాళి పొట్ట పట్టుకుని బయటికి పరిగెత్తాడు. ఆశాన్, అతని మనుషులూ గంజి తాగడానికి పోయారు. అక్కడున్నది భైమి ఒక్కతే. ఏం జరిగిందో ముదలాళి చెప్పే లోపలే ఆమె రెండు ఆకులు నెత్తిన పెట్టుకుని, కట్టుకున్న ముండు పంచె అంచు నడుములో దోపి, నిచ్చెన ఎక్కేసింది.

"ఒసేయ్ పిల్లా, దిగు! మీ అమ్మకి నేనేం చెప్పను!"

"చిల్లు మూసి దిగుతా ముదలాళీ, మీరు నిచ్చెన పట్టుకోండి!"

వాసాల మీద పాకుతూ చిల్లు దగ్గరికి పోయింది. లోపల తెర మీద వెలుగు ఆగిపోయింది. జనం శాంతించారు. అందరూ చిల్లు మూసేశారనుకున్నారు. చిల్లు మూసింది ఆకు కాదు, భైమి తలకాయ. మొదటిసారి ఆ పిల్లకి బొమ్మ మొత్తం కనిపించింది. తప్పిపోయిన అన్న చెల్లెలి గుమ్మంలోకి వచ్చి, ఆమె గుర్తుపట్టక ముష్టి వేయబోయే ఘట్టం అది. ఆకులు చేతిలోనే ఉన్నాయి, చూపు తెరకి అతుక్కుపోయింది.

కింద ఇసుకలో కూర్చున్న ముసలి ఒకావిడ తల తడుముకుని పైకి చూసింది. "చినుకు పడ్డట్టుందే" అంది పక్కావిడతో.

"ఎండ మండిపోతుంటే చినుకేంటి పిన్నీ?"

"పడిందే! ఇదిగో, ఇంకోటి!"

అవి భైమి కన్నీళ్ళు. ఆ మాట అనుకునేలోపే ఫెళ్ళున వెదురు విరిగింది. నేను ముందే చెప్పానుగా, కాళ్ళు, మనిషి, ఆకులు. ఆడవాళ్ళంతా కెవ్వుమన్నారు. అదృష్టం బాగుండి నేల ఇసుక, అదీ మెత్తటిది, ఆ చోట ఎవరూ కూర్చోలేదు. మా అన్న బెదిరిపోయి మిషను ఆపేశాడు. దీపాలు వెలిగాయి. భైమి లేచి కూర్చుంది, జుట్టులో ఇసుక దులుపుకుంది, చుట్టూ చూసింది.

"తర్వాత ఏమయింది? ఆవిడ అన్నని గుర్తుపట్టిందా లేదా?"

మా అన్న మిషను గది కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. అప్పటిదాకా ఏ ఆడపిల్లతోనూ తిన్నగా మాట్లాడి ఎరగడు. "ఏమ్మా, నీకేమన్నా తగిలిందా?" అన్నాడు.

"నాకేం తగల్లేదు. నువ్వు ముందు బొమ్మ వెయ్యి!"

హాలు హాలంతా ఘొల్లుమంది. అన్న చెవులు ఎర్రబడ్డాయి. బొమ్మ వేశాడు. కప్పులో ఇప్పుడు తలకాయంత చిల్లు కాదు, మనిషి పట్టేంత కంత. తెర సగం ఎండలో వెలిసిపోయింది, అయినా ఆ రోజు ఒక్కరూ గొణగలేదు. భైమి అక్కడే ఇసుకలో కూర్చుని చివరిదాకా చూసింది.

ఆ సాయంత్రం ఇంట్లో గంజి ముందు కూర్చున్న అన్న చెంచా కదపకుండా అన్నాడు: "అమ్మా, ఆ పిల్ల ఎవరమ్మాయి?"

"ఏ పిల్లరా?"

"అదే... టాకీసులో..."

"టాకీసుకి వెయ్యిమంది పిల్లలు వస్తారు."

"వచ్చిన పిల్ల కాదమ్మా," అన్నాను నేను. "పడ్డ పిల్ల."

మా అమ్మ నవ్వాపుకోలేక చట్నీ గిన్నె కింద పెట్టేసింది. నెల తిరక్కుండా సంబంధం మాట్లాడ్డానికి కాలవ దాటి వెళ్ళాం. భైమి వాళ్ళమ్మ టీ ఇచ్చి, "మా దానికి నోరెక్కువ, ముందే చెప్తున్నా" అంది. భైమి తలుపు వెనక నుంచే అడిగేసింది: "పెళ్ళయ్యాక మిషను గదిలోంచి బొమ్మ చూడనిస్తారా?" అన్న తలూపాడు. తలుపు వెనక ఉన్న మనిషికి తలూపితే ఏం కనిపిస్తుంది? నేనే గట్టిగా చెప్పాను, "చూడనిస్తాడట వదినా!" అని. పెళ్ళి కాకముందే వదినా అనేశాను, ఇక వెనక్కి తీసుకోలేకపోయాను.

కాపురానికి వచ్చాక మా వదినకి ఒకే ఒక్క మాట ముల్లులా గుచ్చుకునేది. ఆ పడడం తర్వాత కేళన్ ఆశాన్ ఊరంతటికీ ఒక శాసనం చేశాడు. ఆడది నిచ్చెన మొదటి మెట్టు కూడా ఎక్కకూడదు. "చూశారుగా, ఆడది కప్పెక్కితే ఏమవుతుందో. అల్లే చెయ్యి వేరు, నేసే కాలు వేరు" అనేవాడు. వదిన కనిపిస్తే "ఏం భైమీ, ఇవాళ ఎక్కణ్ణించి రాలావు?" అనేవాడు. వదిన ఊరుకునే మనిషా? "పండిన కాయ రాలుతుంది ఆశానే, పుచ్చిపోయిన కాయే చెట్టుని పట్టుకు వేలాడుతుంది" అనేది. ఆశాన్ మనుషులు నోట్లో గుడ్డలు కుక్కుకునేవాళ్ళు.

ఇంకో సంగతి. ప్రతి ఏడూ పీకేసిన పాత ఆకుని పైలి ముదలాళి హాలు వెనక కుప్ప పోయించి తగలబెట్టించేవాడు. మా ఇంటికొచ్చిన మొదటి ఏడే వదిన ముదలాళి దగ్గరికి పోయి, "ఆ కుప్ప నాకిచ్చేయండి" అంది.

"ఎందుకే? పొయ్యిలోకా? ఊరంతటికీ సరిపోతుంది."

"పొయ్యిలోకి కాదు, నేలలోకి."

ముదలాళికి అర్థం కాలేదు, అయినా ఇచ్చేశాడు. వదిన మోపులు కట్టుకుని మోసుకొస్తుంటే మా అమ్మ వాకిట్లో నిలబడి నెత్తి కొట్టుకుంది. "కోడలు కాపురానికి పెట్టె తెస్తుంది. నా కోడలు చెత్త తెస్తోంది!"

"మీ నేలకి కట్నం అత్తయ్యా" అంది వదిన, మోపు దించకుండానే.

మా దొడ్డి ఉప్పు కుప్పలా తెల్లగా ఉండేది. నీళ్ళు పోస్తే పోసినట్టే కిందికి పోయేవి. వదిన ఆ ఇసుక మీద పాత ఆకుని మోకాలి మందాన పరిచింది. పేడ నీళ్ళు చల్లింది. పొయ్యిలో బూడిద, చేపలు తోమిన నీళ్ళు, అన్నీ అక్కడికే. కొబ్బరి చెట్ల మొదళ్ళ చుట్టూ గుంటలు తీసి కొంత కూరింది. వానలు వచ్చాయి, ఆకు నల్లబడి కుంగింది. ఒక పొద్దున నన్ను చెయ్యి పట్టి లాక్కెళ్ళి ఆకు పొర ఎత్తి చూపించింది. కింద ఇసుక లేదు. కాఫీ పొడి రంగులో తేమగా మన్ను, అందులో వానపాములు మెలికలు తిరుగుతున్నాయి. మా దొడ్లో వానపామును చూడడం నా జన్మలో అదే మొదలు. ఇద్దరం గంతులేశాం. అమ్మ వచ్చి, "పామా?" అని కర్ర తెచ్చింది.

ఎండాకాలం తిరిగేసరికి ఎర్ర తోటకూర గొడుగుల్లా లేచింది. పొడుగు చిక్కుళ్ళు, కంద, గుమ్మడి. కొబ్బరి కోరు వేసి వండిన మొదటి తోటకూర మా అమ్మే ముందు రుచి చూసి, గిన్నె దగ్గరికి లాక్కుని రెండోసారి వేసుకుంది. ఊళ్ళోవాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్ళు. "టాకీసు కూర ఉందా భైమీ?" అని అడిగేవాళ్ళు. "ఇంత ఎరుపెలా వచ్చిందే?" అంటే వదిన చెప్పేది, "ఏడాది పొడుగునా ప్రేమ సినిమాలు చూసిన ఆకులు గదా, సిగ్గుతో ఎర్రబడ్డాయి" అని.

ఇలా కొన్నేళ్ళు గడిచాయి. వదినకి ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. అప్పుడు పైలి ముదలాళికి రేకుల మోజు పుట్టింది. పట్నంలో ఎవరో హాలుకి రేకులేశారట, ఇక జన్మలో కప్పు నేయించే పని లేదట. "ఏటేటా ఈ ఆకుతో చస్తున్నాను" అని, ఒక ఏప్రిల్లో ఆకంతా పీకించి, తళతళలాడే రేకులు బిగించాడు. ఎండలో ఆ హాలు చూస్తే కళ్ళు చెదిరేవి. పడవల్లో పోయేవాళ్ళు కూడా లేచి నిలబడి చూసేవాళ్ళు. ముదలాళి పొంగిపోయాడు. కేళన్ ఆశాన్ నడుము తాడు విప్పి ఇంట్లో మేకుకి తగిలించేశాడు. ఆయన పని పోయినందుకు వదిన నిజంగానే బాధపడింది. "పాపం ఆశాన్, తిట్టడానికి నేను కూడా దొరకడం లేదు" అంది.

మే నెల మధ్యాహ్నం ఆటలో అసలు సంగతి బయటపడింది. రేకు కింద హాలు బట్టీ అయిపోయింది. సగం ఆటకి జనం చొక్కాలు విప్పి పిండుకున్నారు. ఇంటర్వెల్లో బయటికి పోయినవాళ్ళు కాయల్ గట్టున గాలికి కూర్చుని మళ్ళీ లోపలికి రాలేదు. మిషను గదిలో మా అన్న తడి తువ్వాలు నెత్తిన వేసుకుని బొమ్మ వేశాడు. "వాన పడనీ, చల్లబడుతుంది" అని ముదలాళి అందరికీ సర్ది చెప్పాడు.

వాన పడింది. పడనే పడింది! ఆ రోజు తెర మీద తల్లి చచ్చిపోయే ఘట్టం. మంచం మీద ముసలి తల్లి, చేయి పట్టుకున్న కొడుకు. సరిగ్గా ఆవిడ నోరు విప్పేసరికి పైన రేకుల మీద లక్ష డప్పులు ఒక్కసారి మోగాయి. ఆవిడ పెదాలు కదులుతున్నాయి, ఒక్క ముక్క వినపడదు. కొడుకు ఛాతీ బాదుకుంటున్నాడు, ఎందుకో తెలీదు. వాన ఒక్క క్షణం నెమ్మదించిన సందులో బెంచీల్లోంచి కల్లు గీసే భార్గవన్ గొంతు ఖంగున మోగింది, తల్లి మాటల్ని తనే అందుకుని:

"నాయనా... నే పోతున్నా... అటక మీది ఎండుచేపలు పిల్లికి దొరక్కుండా చూసుకో!"

హాలంతా పగలబడి నవ్వింది. ఇక ఆగుతారా? ఎవరికి తోచిన మాట వాళ్ళు అందించారు. కొడుకు ఏడుస్తుంటే "అప్పెంతమ్మా మిగిల్చావు!" అని ఒకడు, వైద్యుడు తలూపితే "నా ఫీజు సంగతి?" అని ఇంకొకడు. నేను గేటు దగ్గర గోడకి ఆనుకుని నవ్వి నవ్వి కడుపు పట్టుకున్నాను. ఒక్క పైలి ముదలాళి మాత్రం చివరి కుర్చీలో తల చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాడు. మూడు రోజులు అదే వరస. నాలుగో రోజు టిక్కెట్లు కొన్నవాళ్ళు భార్గవన్ వచ్చాడా లేదా కనుక్కుని మరీ లోపలికి వచ్చారు.

"అవి ఏడుపు సినిమాలు పుష్కరా," అన్నాడు ముదలాళి మా ఇంటి పంచలో కూర్చుని. "నేను ఏడుపు కోసం డబ్బు పెట్టి తెచ్చాను."

వదిన ఆయనకి కర్రపెండలం, చేపల పులుసు పెట్టింది. తిననిచ్చి, అప్పుడు అంది: "రేకులు పీకక్కర్లేదు ముదలాళీ. వాటి పైనే ఆకు కప్పండి. ఎండ దిగదు, చప్పుడూ దిగదు."

"రేకు మీద ఆకా? నవ్విపోతారే!"

"ఇప్పుడు మాత్రం ఏడుస్తున్నారా?"

ముదలాళి మబ్బుకేసి చెయ్యి చూపించాడు. "వానాకాలం మొదలయింది. ఆకెక్కడుంది? ఎవడెక్కుతాడు?" అన్నాడు. నిజమే. మగవాళ్ళంతా చేపల చాకర వచ్చిందని సముద్రం మీద ఉన్నారు. చేపలు ఒడ్డుకి ఎగబడుతుంటే రేకులెక్కేదెవరు? కేళన్ ఆశాన్ మోకాళ్ళ నొప్పులతో మంచం మీద ఉన్నాడు.

"ఆకు మేం తెస్తాం. ఎక్కేదీ మేమే" అంది వదిన.

ఆ మాట కాలవకి ఇటూ అటూ సాయంత్రానికల్లా పాకింది. మా ప్రాంతంలో ప్రతి ఇంటి అటక మీదా గాలికి లేచిపోయిన చోట వేసుకోడానికని నాలుగు అల్లిన ఆకులు దాచుకుంటారు. ఆ నాలుగూ అడగడమంటే మాటలు కాదు. వదిన ఇల్లిల్లూ తిరిగింది. నేను వెంట ఉన్నాను. "ఆ తల్లి చచ్చిపోతూ కొడుక్కి ఏం చెప్పిందో నీకు తెలుసుకోవాలని లేదా?" అని అడిగేది. కాదన్నవాళ్ళు లేరు. ఒకావిడ, "నాకు తెలుసు, మా చెల్లెలు పట్నంలో చూసింది" అంది. "చెప్పకు!" అని మేమిద్దరం ఒక్కసారే చెవులు మూసుకున్నాం. ఆవిడా నవ్వి ఆకులిచ్చింది.

వాన తెరిపి ఇచ్చిన మొదటి పొద్దున, పడవల మీదా నెత్తి మీదా ఆకులు రావడం మొదలయింది. ఆడవాళ్ళు, వాళ్ళ వెంట పిల్లలు, పిల్లల వెంట కుక్కలు. పీచు చుట్టే ఆడవాళ్ళు కొబ్బరి తాళ్ళు తెచ్చారు. ముందుగా పోక బద్దలు రేకుల మీద అడ్డంగా పరిచి, చివర్లు కిందికి వంచి వాసాలకి బిగించి కట్టాలి, ఆ బద్దలకి ఆకు కట్టాలి. వదిన నిచ్చెన దగ్గర నిలబడింది. ఒక్క క్షణం. అదే నిచ్చెన, అదే కప్పు. నేను దగ్గరికి వెళ్ళి, "భయంగా ఉందా వదినా?" అన్నాను మెల్లగా.

"ఉంది. కింద ఇసుక మెత్తగానే ఉందా?"

"ఉంది."

"అయితే పద" అని ఎక్కేసింది.

ఆమె వెనక మేం ఏడెనిమిది మందిమి ఎక్కాం. తడిసిన రేకులు జారుతుంటే నడుములకి తాళ్ళు కట్టుకుని, ఆ తాళ్ళు కొబ్బరి దుంగలకి కట్టాం. కిందివాళ్ళు ఆకు అందించడం, మేం చూరు నుంచి మొదలుపెట్టి ఒక వరస మీద ఒక వరస పేర్చుకుంటూ కొప్పు వైపు పోవడం. పొద్దెక్కేకొద్దీ చేతులు వేగం పుంజుకున్నాయి. ఎవరో పాట అందుకున్నారు. సినిమా పాటే, మాటలు మాత్రం ముదలాళి పొట్ట మీద మార్చి కట్టినవి. ఆయన కింద నిలబడి, సిగ్గుపడుతూ, మాకు నిమ్మకాయ నీళ్ళు కలిపించాడు. మా అన్న పొయ్యి దగ్గర కూర్చుని అందరికీ గంజి, పెసలు వండాడు. గంజి మాడింది. అయినా ఒక్క మెతుకు మిగల్లేదు.

మధ్యాహ్నం దాటాక కర్ర టకటకలాడించుకుంటూ కేళన్ ఆశాన్ వచ్చాడు. మేమంతా పైన బొమ్మల్లా ఆగిపోయాం. ఆయన కళ్ళు చిట్లించి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు.

"ఒసేయ్ భైమీ!"

"ఏంటి ఆశానే!"

"పడమటి వరస ఎవతె కట్టింది? గాలి అటునించే కదా వచ్చేది! ముడి రెండు చుట్లు వెయ్యాలని మీ ఆయన చెప్పలేదా?"

"మా ఆయనకి ఫిల్మ్ రీలు తప్ప ఏం చుట్టడం రాదు ఆశానే! మీరే చెప్పండి!"

ఆయన బీడీ వెలిగించుకుని ముదలాళి తెప్పించిన కుర్చీలో కూర్చున్నాడు. పొద్దు వాలేదాకా అక్కడి నుంచి కదల్లేదు. ముడి ముడికీ ఒక తిట్టు. తిట్టినప్పుడల్లా మేం పైనుంచి నవ్వడం, ఆయన ఇంకా తిట్టడం. కొప్పు దగ్గర ఆఖరి ఆకు వదినే కట్టింది. రెండు చుట్లు వేసి బిగించి, లేచి నిలబడి, చేతులు దులుపుకుంది. సముద్రం మీద మబ్బు మళ్ళీ నల్లగా లేస్తోంది. "దిగవే, పిడుగు పడుతుంది!" అని ఆశాన్ అరిచాడు. ఆ అరుపులో తిట్టు లేదని వదిన తర్వాత నాతో అంది.

ఆ సాయంత్రం ఆట ఆకు తెచ్చిన వాళ్ళందరికీ ఉచితం. ఇసుక నేల చాలక పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. చేపల వేట నుంచి తిరిగొచ్చిన మగవాళ్ళకి చోటు దొరక్క వెనక గోడ వెంబడి నిలబడ్డారు, చేపల వాసనతో. వదిన అలవాటు ప్రకారం మిషను గదిలోకి పోకుండా, ఆడవాళ్ళ మధ్య ఇసుకలో కూర్చుంది. ఆట మొదలైన కాసేపటికి వాన దిగింది. మేం అందరం తలలు పైకెత్తాం. పైన ఒక సవ్వడి. చేటలో బియ్యం చెరుగుతున్నట్టు, అంతే. దాని కింద తెర మీది గొంతులు స్పష్టంగా వినిపిస్తున్నాయి.

తల్లి ఘట్టం వచ్చింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. భార్గవన్ నోటికి అడ్డంగా వాళ్ళావిడ చెయ్యి పెట్టింది. మంచం మీది తల్లి కొడుకు చేయి పట్టుకుని చెప్పింది: "నువ్వు వేళకి అన్నం తిను నాయనా."

అంతే. అంతకన్నా ఏమీ లేదు. ఆ ఒక్క మాటకి మొత్తం హాలు వెక్కి వెక్కి ఏడ్చింది. వదిన ఏడ్చింది, నేను ఏడ్చాను, భార్గవన్ అందరికన్నా గట్టిగా ఏడ్చాడు. వెనక కుర్చీలో పైలి ముదలాళి కూడా కళ్ళు ఒత్తుకుంటున్నాడు, ముఖం మాత్రం పెళ్ళికొడుకులా వెలిగిపోతోంది. ఆట అయ్యాక గుమ్మంలో ఒక్కొక్కరికీ దండం పెట్టాడు.

తర్వాతి ఏటినుంచి టాకీసు కప్పు నేయడం మా ఆడవాళ్ళ పనే అయింది. కేళన్ ఆశాన్ కుర్చీ వేయించుకుని తిట్టడానికి వచ్చేవాడు, ఆయన బతికున్నన్నాళ్ళూ వచ్చాడు. పాత ఆకంతా మామూలుగా వదినదే. ఒక్క మా దొడ్డికే కాదు, పక్కవాళ్ళ దొడ్లకీ పంచింది. ఎలా పరచాలో, ఎప్పుడు పేడ నీళ్ళు చల్లాలో తనే వెళ్ళి చూపించేది. మా వరసలో దొడ్లన్నీ ఒకదాని వెంట ఒకటి పచ్చబడ్డాయి.

టీవీలు వచ్చాక జనం తగ్గారు. ఒక ఏడు ముదలాళి ఆట ఆపేశాడు. అన్న మిషనుకి నూనె రాసి, గుడ్డ కప్పి, ఇంటికొచ్చి గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. వారం రోజులు వదిన ఓపిక పట్టింది. ఆ తర్వాత ముదలాళి దగ్గరికి పోయి హాలున్న స్థలం కౌలుకి అడిగింది. "నాకెందుకు కౌలు," అన్నాడాయన, "కాసినప్పుడు నాలుగు కాయలు పంపించు." తనతో కప్పెక్కిన ఆడవాళ్ళందరినీ వదిన కూడగట్టింది. రేకులు, బెంచీలు తీసేశాక మిగిలిన ఇసుక నేల మీద ఆఖరి కప్పు ఆకంతా పరిచాం. దాని మీద చుట్టుపక్కల ఇళ్ళ పాత కప్పులు, ఎండు మట్టలు, మామిడాకు, జీడాకు, ఏది రాలితే అది వేశాం.

మరుసటి ఏప్రిల్లో మా కొత్త ఏడాది విషు పండగకి ఆ నేల దోసకాయలు కాసింది. పండగనాడు పొద్దున్నే కళ్ళు తెరవగానే శుభమని చూసే కణి పళ్ళెంలో పెట్టే బంగారు రంగు దోసకాయలు. ఎన్ని కాశాయంటే కోసినవి పెట్టడానికి చోటు లేదు. నేల మీద పెడితే కుళ్ళుతాయి. అన్న చూస్తూ చూస్తూ ఉండి లేచాడు. కొబ్బరాకు ఈనెలు చీల్చి ఉట్లలాంటివి అల్లి, ఒక్కో కాయనీ అందులో పెట్టి, మిషను గది దూలాలకి వేలాడదీశాడు. తలుపు తీస్తే లోపల గదంతా పసుపు. చూసిన ప్రతివాళ్ళకీ ఒక కాయ కొనాలనిపించేది.

పండగ ముందు రోజు అన్న గుమ్మంలో స్టూలేసుకుని కూర్చున్నాడు. జనం కాలవ దాకా వరస కట్టారు. మొహం వాచిపోయినట్టు ఒక్కొక్కళ్ళనీ పేరు పెట్టి పలకరిస్తూ, మంచి కాయ ఏరి చేతికిస్తున్నాడు. పైలి ముదలాళి రిక్షాలో వచ్చి తన నాలుగు కాయలూ అడిగాడు.

"వరసలో రండి ముదలాళీ" అంది వదిన.

"నా స్థలంలో నేను వరసలోనా!"

"ముందు వరస ఇసుకలో చోటుంది, కూర్చుంటారా?"

ముదలాళి పొట్ట ఊగేలా నవ్వాడు. నవ్వుతూనే పోయి, వరస చివర భార్గవన్ వెనక నిలబడ్డాడు.